వ.పా. నీటిరంగుల మనుషులు

రాయ్‌పూర్ పక్కనున్న బీర్‌గావ్‌లో హిందీ చందమామ చదివి పెరిగినవారికీ శ్రీకాకుళం కుంచె పరిచయమే. వేరువేరు భాషల్లో వచ్చిన ఆ పత్రికకు ఎన్నో ముఖచిత్రాలు వేసింది వడ్డాది పాపయ్య (1921–1992).

నీటిరంగు మొండిది. తప్పు పడితే దిద్దుకోవడం కష్టం. లేత రంగుతో మొదలుపెట్టి ముదురుకు వెళ్లాలి. వెలుగు కావలసినచోట కాగితాన్ని తెల్లగా వదిలేయాలి. ఆ శ్రమేదీ వ.పా. బొమ్మలో కనిపించదు, మనిషే కనిపిస్తాడు. పురాణపురుషుల ఒడ్డూ పొడుగూ, ‘యువ’ పత్రికలోని పడుచుల కట్టూ బొట్టూ, నిలుచున్న తీరూ, చూపూ చాలు, పాత్ర స్వభావం తెలిసిపోతుంది. ఆ మనుషులు అచ్చంగా మనవాళ్లు.

మీ ఇంట్లో పాత చందమామలుంటే తూకానికి అమ్మకండి. బొమ్మలు నేర్చుకునే పిల్లల ముందు పరచండి. అంతకు మించిన పాఠం లేదు.