శిఖం అంచున తుంగ

నాగార్జునసాగర్ రహదారి మీద మన్నెగూడ దాటి ఇబ్రహీంపట్నం వైపు సాగే ప్రాంతంలో, చెరువు నిండితే మునిగి, తగ్గితే బయటపడే భూమిని శిఖం అంటారు. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలం నాటిదని చెప్పే పెద్దచెరువు మొదలు ఊరి కుంటల దాకా ఈ తడి అంచున మొలిచే పచ్చదనమంతా చూపుకు గడ్డిలా తోచినా, అందులో చాలా భాగం తుంగ. అంటే సుమారు 5,500 జాతులున్న సైపరేసీ కుటుంబానికి చెందిన మొక్కలు.

కలుపు తీసే ఆడవాళ్లు తుంగను కంటికన్నా ముందు వేలితో పోల్చుకుంటారు. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తిప్పితే మూడంచులు తగులుతాయి. గరిక, ఊద వంటి గడ్డి కాడ గుండ్రంగా, కణుపులతో ఉంటే, తుంగ కాడ కణుపు లేకుండా, లోపల బెండుతో నిండి పూగుత్తి దాకా సాగుతుంది. గడ్డి ఆకులు రెండు వరసల్లో, తుంగ ఆకులు మూడు వరసల్లో అమరుతాయి. కాడను చుట్టుకొనే ఆకు అడుగుభాగం, అంటే తొడుగు, తుంగలో చీలిక లేని గొట్టంలా ఉంటుంది. అయితే ఎలియోకారిస్ ప్రజాతిలో చాలా జాతుల కాడ గుండ్రంగానే ఉంటుంది కనుక, మూడంచుల గుర్తు ఒక్కదాన్నే నమ్మడం ఎంతమాత్రం చాలదు.

తుంగలోనే ఒక జాతిని మరొక జాతి నుంచి విడదీయడానికి వేరు, పూగుత్తి, గింజ మూడూ కావాలి. ఎర్రగోధుమ రంగు కంకులతో, నేలలో సన్నని తీగలకు గొలుసుగా నల్లని గడ్డలు పట్టేది సైపరస్ రొటండస్. 1753లో లిన్నేయస్ పేరుపెట్టిన ఈ మొక్క గడ్డలే తుంగముస్తలు. పీచువేళ్లతో, పసుపు కంకులతో వరిమడిలో పెరిగేది సైపరస్ ఇరియా కాగా, పూలు చిన్న ఉండలుగా ముద్దకట్టేది సైపరస్ డిఫార్మిస్. ఈ తేడా రైతుకు పనికొచ్చేదే: ఇరియా గింజతో వ్యాపిస్తుంది కాబట్టి గింజ రాలకముందే పీకితే సరిపోతుంది, కానీ రొటండస్‌ను పీకినా నేలలో మిగిలిన గడ్డలు మళ్లీ మొలకెత్తుతాయి.

పొలంలో ఇంత విసిగించే ఆ గడ్డకే వైద్యంలో గౌరవమున్నది. జ్వరంలో దప్పిక తీర్చడానికి ఆయుర్వేదం చెప్పే షడంగపానీయంలోని ఆరు ద్రవ్యాలలో ముస్త ఒకటి. పీచు తొలగించి ఎండబెట్టిన గడ్డలను వాసన కోసం స్నానపు పొడులలోనూ కలుపుతారు.

చోటు కూడా ఒక గుర్తే. నీరు నిలిచే మడి డిఫార్మిస్‌కూ ఇరియాకూ అనుకూలమైతే, తూము దిగువ గట్లూ మెట్టచేలూ రొటండస్‌వి. ఎలియోకారిస్ తరచు నిలువనీటిలోనే కనిపిస్తుంది. శిఖాన్ని మట్టితో పూడ్చి ప్లాట్లుగా మార్చినచోట తడిని కోరే జాతులు ముందుగా పోయి, మెట్టను ఓర్చుకొనే రొటండస్ మిగులుతుంది. కనుక ఒకనాటి చెరువు అంచులో ఏ తుంగలు పెరిగాయో నమోదు చేయదలచినవారు, వానలు తగ్గి గింజ ముదిరే వేళ, కోసిన కాడను గాక వేరుతో సహా తవ్విన మొక్కను, అది నిలిచిన నీటి లోతుతోపాటు రాసిపెట్టుకోవలసి ఉంటుంది.