తండ్రి పేరు తెలియని మొక్కలు

1991. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, డీర్ క్రీక్ అనే చోట గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం కచేరీ. లోపల పాట నడుస్తుంటే బయట కార్లు ఆపే మైదానంలో ఇంకో బజారు నడుస్తోంది. అక్కడ ఒక కుర్రాడు 500 డాలర్లు పెట్టి ఔన్సు గంజాయి కొన్నాడు. అది ఎంత నచ్చిందంటే, ఇంటికెళ్లాక అమ్మినవాళ్ల దగ్గరే మళ్లీ తెప్పించుకున్నాడు. ఆ సరుకులో 13 గింజలు దొరికాయి. నాలుగు నాటితే ఒకటి మగది, పీకేశాడు. మిగిలిన మూడు ఆడ మొక్కల్లో ఒకటి తర్వాత ‘కెమ్ 91’గా పేరు మోసింది. ఇదంతా ‘కెమ్‌డాగ్’ అనే మారుపేరుతో ఆయనే చెప్పుకున్న కథ.

సోర్ డీజిల్, ఓజీ కుష్ లాంటి ఖరీదైన రకాల వంశావళి రాసేవాళ్లు వాటిని ఈ మొక్కకే ముడిపెడతారు. సరే, మరి దీని వంశమేమిటి? ఆ గింజలు కాసిన తల్లి ఎక్కడ పెరిగిందో, పుప్పొడి ఏ మొక్క నుంచి వచ్చిందో కాగితం మీద ఎక్కడా లేదు. ఇంత పెద్ద వంశవృక్షం మొదలు దగ్గర ఉన్నది ఒక పొట్లం, అంతే.

గంజాయి వంశాల మీద ఇన్ని తగాదాలు ఎందుకంటే సగం తప్పు చట్టానిది, సగం గాలిది. ఈ మొక్కల్లో ఆడ, మగ వేరువేరు. మగ మొక్క పుప్పొడిని గాలి ఎంతో దూరం మోసుకుపోతుంది. గింజ చేతికొచ్చినప్పుడు తల్లి ఎవరో తెలియవచ్చు, తండ్రి మాత్రం అనుమానమే. మామిడి తోట ఉన్నవాళ్లకు ఈ బాధ చెప్పనక్కర్లేదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందని ఏ రైతూ పూచీ పడడు, అంటు కట్టుకుంటాడు. గంజాయిలో ఆ అంటు పాత్ర కొమ్మ కత్తిరింపుది. మెచ్చిన ఆడ మొక్కను ‘తల్లి’గా పక్కన పెట్టి, దాని కొమ్మలు తుంచి వేళ్లు పుట్టిస్తే, ఎన్నేళ్లయినా అదే మొక్క బతుకుతుంది. కెమ్ 91 ఇప్పటికీ అలాగే చేతులు మారుతోంది. అందుకే నా లెక్కలో ఈ లోకంలో నమ్మదగిన పత్రం కత్తిరింపు ఒక్కటే. గింజతో పాటు వచ్చేది పత్రం కాదు, కథ.

మగ మొక్కను కనిపెట్టి పీకెయ్యడం అమెరికా కుర్రాళ్ల తెలివి అనుకునేవాళ్లు చాలామంది. కానీ బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భారత గంజాయి విచారణ సంఘం 1893-94లో దేశమంతా తిరిగి పెద్ద నివేదిక రాసింది. అందులో బెంగాల్‌లోని నవ్‌గావ్ ప్రాంతపు సాగు గురించి వివరంగా ఉంది. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడ పొద్దార్లనే నిపుణులు ఉండేవారు. ఇంగ్లిష్ అధికారులు వాళ్లను ‘గంజాయి డాక్టర్లు’ అన్నారు. పూత విచ్చకముందే చేలో సాలు వెంట నడుస్తూ, మొక్కను చూసి ఇది మగదని తేల్చి విరిచేయడం వాళ్ల పని. ఒక్క మగ మొక్క కన్నుగప్పినా చేనంతా గింజ పట్టి, జిగురు తగ్గి, ధర పడిపోతుంది. కాలిఫోర్నియాలో 1970లలో ‘సిన్సెమియా’ పేరుతో గొప్పగా చెప్పుకున్నది ఈ పనే. ఎవరి కన్నో గప్పబట్టే కదా డీర్ క్రీక్ సరుకులో 13 గింజలున్నాయి!

కొత్త రకాలు పుట్టించే పని మాత్రం నిజంగా కాలిఫోర్నియాలోనే ఊపందుకుంది. దానికి కారణం వాతావరణం. భూమధ్యరేఖకు దగ్గరి కొలంబియా, థాయ్‌లాండ్ మొక్కలు ఆకు సన్నగా, మనిషి ఎత్తు దాటి పెరుగుతాయి, పూత ముగియడానికి నెలలు పడుతుంది. ఉత్తరాన చలి వచ్చేసరికి అవి ఇంకా పచ్చిగానే ఉంటాయి. అఫ్ఘనిస్తాన్ కొండల మొక్క పొట్టిది, ఆకు వెడల్పు, కోతకు తొందరగా వస్తుంది. ఈ రెండు తరహాలనూ కలిపితే? ‘స్కంక్ నంబర్ 1’ ఆ ప్రశ్నకు జవాబు. అఫ్ఘన్, మెక్సికోకు చెందిన అకాపుల్కో గోల్డ్, కొలంబియా రకాలను సంకరం చేసి, తరం తర్వాత తరం ఏరుతూ, మొలకలన్నీ ఒకే తీరుగా వచ్చేదాకా స్థిరపరిచారని చెబుతారు. ఊరకే రెండు మొక్కలు కలపడం ఎవరైనా చేస్తారు. వందల మొలకల్లో ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి అన్న తీర్పులోనే పనితనమంతా ఉంది.

దాని పక్కనే ‘హేజ్’ అనే రకం మీద తగాదా. కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ దగ్గర ‘హేజ్ సోదరులు’ పుట్టించారన్నంత వరకు అందరిదీ ఒకటే మాట. ఆ పైన చీలిక. ‘శామ్ ద స్కంక్‌మన్’ పేరుతో తిరిగిన విత్తన వ్యాపారి లెక్కలో అందులో కొలంబియా, మెక్సికో, థాయ్ రకాలతో పాటు దక్షిణ భారత రకం కూడా కలిసింది. కాదు, అది చాలా వరకు కొలంబియాదేనని ఎదుటిపక్షం. తేల్చడానికి నాటి సాగు పుస్తకం ఒక్కటి లేదు. ఎలా ఉంటుంది? పుస్తకం రాసిపెట్టుకోవడమంటే పోలీసులకు సాక్ష్యం రాసివ్వడమే. మారుపేర్లు, అబద్ధపు ఊళ్లు, దాచిన తేదీలు అన్నీ అప్పటి ఆత్మరక్షణ. వాటినే ఇప్పుడు చరిత్ర అని చదువుతున్నాం.

1980లలో ఈ గింజలు నెదర్లాండ్స్ చేరాయి. అక్కడ నెవిల్ షోన్‌మేకర్స్ అనే ఆయన గింజలకు ధరల జాబితా అచ్చువేసి టపాలో అమ్మాడు. ‘హై టైమ్స్’ పత్రిక 1987లో ఆయన్ను గంజాయి రాజుగా కీర్తించింది. 1990లో అమెరికా కోరిక మీద ఆస్ట్రేలియాలో అరెస్టయ్యాడు. వంశాలను అంతో ఇంతో అచ్చులో పెట్టిన మనిషికి దక్కింది అదీ.

1990ల మధ్యలో ఆమ్‌స్టర్‌డామ్‌ను ఊపేసిన ‘వైట్ విడో’ రకం కథ మనకు కాస్త దగ్గరిది. బ్రెజిల్ తల్లి, కేరళ తండ్రి అని ప్రచారం. శాంతిబాబా అనే మారుపేరున్న ఆస్ట్రేలియా పెంపకందారు ఇది తన సృష్టి అంటాడు. కాదు, ఇంగెమార్ అనే మరొకరిదని ఇంకో వర్గం. శాంతిబాబా దాన్ని అమ్మిన విత్తన కంపెనీ వదిలి వెళ్లాక అదే రకాన్ని ‘బ్లాక్ విడో’గా అమ్మాడు. హక్కు కోసం ఇంత కొట్టుకున్నవాళ్లలో ఎవరూ ఆ కేరళ గింజ ఇచ్చిన రైతు ఫలానా అని చెప్పలేదు. నాకు కోపం తెప్పించేది ఇదే. ప్రతి వంశకథా ఒక యాత్రికుడి దగ్గర మొదలవుతుంది. అంతకు ముందు తరతరాలు గింజ ఏరిన కొండ రైతు, పొద్దార్ ఆ కథలో ఉండరు.

గంజాయి మొక్కలను ‘ఇండికా’, ‘సటైవా’ అని రెండుగా విడగొట్టడంలో చిక్కు ఇంకా ఎక్కువ. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో సటైవా అని పేరు పెట్టాడు. లామార్క్ 1785లో భారత్ నుంచి వెళ్లిన నమూనాలు చూసి ఇండికా అన్నాడు. 1970ల తర్వాత ఆ ఇండికా పేరు వెడల్పు ఆకుల అఫ్ఘన్ మొక్కకు అంటుకుంది. ఫలితంగా సన్నాకుల దక్షిణ భారత మొక్క, అసలు ఇండికా వర్గానిదై ఉండి, దుకాణాల్లో సటైవా అయి కూర్చుంది.

ఇక జన్యు పరీక్ష. కెనడా పరిశోధకులు 2015లో 81 గంజాయి, 43 జనుము తరహా హెంప్ నమూనాల డీఎన్ఏ పోల్చి చూశారు. ఒకే పేరున్న నమూనాలను 17 సందర్భాల్లో పోలిస్తే, 6 సందర్భాల్లో అవి తమ పేరు వాటికన్నా వేరే పేరు వాటికే దగ్గరగా తేలాయి. పూర్తి సటైవా అని చెప్పిన జమైకా ‘లాంబ్స్ బ్రెడ్’, పూర్తి ఇండికా అని చెప్పిన అఫ్ఘన్ రకంతో దాదాపు ఒకేలా ఉంది. 2019లో అమెరికాలో 30 పేర్లతో 122 నమూనాలు చూసినప్పుడూ పేరు ఒకటి, మొక్క ఒకటి అన్న కేసులు బయటపడ్డాయి. పరీక్ష ఏ మొక్క ఏ మొక్కకు చుట్టమో చెప్పగలదు. ఎవరు ఎవరి దగ్గర గింజ కొట్టేశారో అది చెప్పదు, ఆ తగాదా ఉండిపోతుంది.

మన విశాఖ మన్యంలో ‘శీలావతి’ అని పోలీసుల ప్రకటనల్లో తరచూ వినిపించే పేరూ ఇలాంటిదే, పేరు గట్టిది, వెనుక పత్రం లేదు. అయితే ఈ ముచ్చట వంశకథ వినడం వరకే, చట్టం దగ్గర సంగతి వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి సాగుకు పదేళ్ల దాకా, 20 కిలోలు మించిన సరుకుతో పట్టుబడితే పది నుంచి ఇరవై ఏళ్ల దాకా జైలు. మన్యంలో ఆ శిక్ష అనుభవిస్తున్నది తరచూ సరుకు మోసే కూలీలు.

కాలిఫోర్నియాలోనో, 2018 నుంచి చట్టబద్ధమైన కెనడాలోనో ఉన్న తెలుగువాళ్లకు డబ్బా మీద ‘70 శాతం సటైవా, 30 శాతం ఇండికా’ అని అచ్చు కనబడుతుంది. ఆ అంకెలు ఏ పరీక్షలో తేలాయో దుకాణంలో అడిగి చూడండి. చాలాసార్లు పరీక్షంటూ ఏదీ ఉండదు, విత్తనం అమ్మినవాడి మాట తప్ప.