సూచికల సోపానక్రమం: స్కోర్‌కార్డు పద్ధతిపై విమర్శనాత్మక పరిశీలన

సంస్థ పనితీరును ఆర్థిక లెక్కలు మాత్రమే పూర్తిగా చెప్పలేవన్న గుర్తింపు నుంచి బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డు పుట్టింది. రాబర్ట్ కాప్లాన్, డేవిడ్ నార్టన్ 1992లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రతిపాదించిన ఈ పద్ధతి ఆర్థికం, వినియోగదారులు, అంతర్గత ప్రక్రియలు, నవకల్పన–అభ్యసనం అనే నాలుగు దృక్కోణాలను ఒకచోట చేర్చింది. కొలమానాల పరిధిని విస్తరించడం దీని విశిష్టత. అయితే సూచికలను చెట్టులా అమర్చి, కింది మార్కులను భారాల ప్రకారం కూడి, శిఖరాన ఒకే అంకెను నిలిపే ఆచరణకు హేతుబద్ధత ఎంతన్నది పరిశీలించవలసిన ప్రశ్న.

సూచికల సోపానక్రమం కొత్తది కాదు. 20వ శతాబ్ది రెండో దశకంలో డూపాంట్ సంస్థలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ రూపొందించిన సూత్రం పెట్టుబడిపై రాబడిని అమ్మకాలపై లాభశాతం, పెట్టుబడి టర్నోవర్ అని విడదీసింది. లాభం 10 శాతం, టర్నోవర్ 2 రెట్లు అయితే రాబడి 20 శాతమే. మరొకటి కావడానికి వీల్లేదు. అక్కడ మెట్టుకూ మెట్టుకూ ఉన్నది గణిత సంబంధం. స్కోర్‌కార్డులో ఉన్నది పరికల్పన. శిక్షణ వల్ల నాణ్యత, నాణ్యత వల్ల సంతృప్తి, సంతృప్తి వల్ల లాభం అనే గొలుసులో ప్రతి లంకెకూ నిరూపణ అవసరం. సంతృప్తి చెందిన వినియోగదారు లాభదాయకుడే కానక్కరలేదని, కారణానికీ ఫలితానికీ నడుమ గల కాలవ్యవధికి ఈ నమూనాలో చోటు లేదని హన్నె నోరెక్లిట్ 2000లో చేసిన విమర్శకు ప్రాధాన్యం తగ్గలేదు.

భారిత సగటు ఈ సమస్యను మరింత మరుగుపరుస్తుంది. సమాన భారం గల సకాల సరఫరా, సేవ, ఉత్పత్తి భద్రత అనే సూచికలకు వరుసగా 95, 90, 25 మార్కులు వచ్చాయనుకుంటే సగటు 70. పై నిర్వాహకునికి కనిపించేది ఆ 70 మాత్రమే. సకాలంలో చేరినంత మాత్రాన ప్రమాదకరమైన వస్తువు సురక్షితం కాదు.

వ్యూహమంటే కార్యకారణ పరికల్పనల సముదాయమని కాప్లాన్, నార్టన్ 1996 నాటి తమ గ్రంథంలోనే పేర్కొన్నారు. పరీక్షించవలసిన పరికల్పనను కూడవలసిన మార్కుగా మార్చడం ఆ మూలభావనకే విరుద్ధం. కనుక సోపానక్రమాన్ని త్యజించనక్కరలేదు. ప్రతి లంకెకూ ఫలితం ఆశించే గడువును ప్రకటించి, గణాంకాలతో దాన్ని సరిచూడాలి. కీలక సూచికలకు కనీస హద్దు విధించి, అది దాటని చోట సగటును చెల్లనీయకూడదు. అప్పుడే స్కోర్‌కార్డు తీర్పు చెప్పే పత్రంగా కాక, ప్రశ్నించే సాధనంగా ఉపకరిస్తుంది.