‘అకారా’ శబ్దార్థవిచారము

హీబ్రూ బైబిలునందలి ‘అకారా’ శబ్దమునకు తెలుగు బైబిలులో ‘గొడ్రాలు’ అను పదము రూఢమైనది. స్థూలదృష్టికి ఈ యనువాదము నిర్దుష్టమే. అయినను మూలమునందు ఈ శబ్దము ఎవరికి వాడబడినది, ఎవరికి వాడబడలేదు అను విషయమును పరిశీలింపవలసి యున్నది.

అయిన్, కోఫ్, రేష్ అను మూడక్షరముల ధాతువునకు పెఱికివేయుట యని యర్థము. ప్రసంగి 3:2లో నాటినదానిని పెఱుకుటకును, యెహోషువ 11వ అధ్యాయమున గుఱ్ఱముల గుదికాలినరములు తెగగొట్టుటకును ఈ ధాతువే కనబడును. దీనింబట్టి ‘అకారా’ యనగా వేరు తెగిన స్త్రీ యని వివరించుట కలదు. మేము దీని నంగీకరింపము. పంకమున బుట్టినదెల్ల పంకజము గానట్లే వ్యుత్పత్తి వేఱు, ప్రయోగము వేఱు. అరబ్బీ భాషయందును ‘ఆకిర్’ శబ్దము ఈ యర్థముననే యున్నది. కావున ఇది హీబ్రూ కవుల కల్పన గాక ప్రాచీన సెమిటిక్ వ్యవహారమని తలంపవచ్చును.

ఇక ప్రయోగము. కథాభాగములలో శారయి, రిబ్కా, రాహేలు, మానోహ భార్య అను నలువురే ‘అకారా’ లనబడిరి. నలువురును పిదప బిడ్డలను గన్నవారే. సౌలు కుమార్తెయగు మీకాలు మరణపర్యంతము పిల్లలు లేకయుండెనని 2 సమూయేలు 6:23 తెలుపుచున్నది. ఆమెకు ఈ శబ్దము వాడబడలేదు! అబ్రాము తన సంతానహీనతను జెప్పుకొనునపుడు వాడిన మాట ‘అరీరీ’ యను వేఱొక శబ్దము. కావున కథకుని నోట ‘అకారా’ యనునది తీర్పు గాదు, రానున్న జననమునకు పీఠిక యని మా యభిప్రాయము. యోబు 24:21 పద్యభాగము. అచ్చట దిక్కులేని స్త్రీ ప్రస్తావమే గాని జననకథ లేదు.

తెలుగు ‘గొడ్రాలు’ పదమున కీ నిరీక్షణ లేదు. అది లోకవ్యవహారమున నింద. అంతియ గాదు, గొడ్డు శబ్దము పేదాదిగణమున జేరి ఆలు శబ్దముతో గూడి రుగాగమము నొందుటచే ఏర్పడిన యీ పదము స్త్రీనే చెప్పును. దీనికి జతయైన పుంలింగరూపము మనకు లేదు. హీబ్రూలో నున్నది. ద్వితీయోపదేశకాండము 7:14లో ‘అకార్’ అని పురుషుని ముందు చెప్పి, ‘అకారా’ యని స్త్రీని తరువాత చెప్పి, పశువులను గూడ జేర్చిరి. అనువాదకులు ఇచ్చట ‘గొడ్డుతనము’ అను భావవాచకము నాశ్రయించిరి. అది మెచ్చదగిన యుపాయమే. కాని పురుషునికి ప్రత్యేకముగా నొక పదముండుట యను విశేషము తెలుగు పాఠకునకు దక్కకపోయినది. యూదపండితు లీ విశేషమును విడువలేదు: తాల్ముడునందలి యెవామోత్ భాగమున (64అ) రిబ్కా మాత్రమే గాక ఆమె భర్తయగు ఇస్సాకును సంతానశక్తి లేనివాడే యని, అదే ధాతువునుండి పుట్టిన ‘అకూర్’ శబ్దముతో చెప్పబడినది.