చట్రముమీది అంకెలు

గోదావరిఖని షెడ్లలో, సొట్టపడిన జీపు రేకునకు వెనుక డాలీ ఆనించి, ముందునుండి సుత్తితో తట్టి, వ్రేలికొనతో తడవి చూచి, మరల తట్టి, పుట్టీ అక్కఱలేనంత నునుపునకు తెచ్చు టింకరు పనితనమును నిలిచి చూచినవానికి, పాతకాలపు పందెపుకార్ల వేలములలో కోట్లు కురియుట ఇట్టి నునుపునకేయని తోచవచ్చును. 1962 మొదలు 1964 వఱకు 36 మాత్రమే నిర్మింపబడిన ఫెరారీ 250 జీటీవోలలో ఒకటి 2018లో 4.84 కోట్ల డాలర్లకును, 1955 నాటి మెర్సిడెస్ ఊలెన్‌హౌట్ కూపే 2022లో 13.5 కోట్ల యూరోలకును పోయినవి.

కాని ఇంత ధనము పలికించినది మెఱుగు కాదు. చట్రముమీద కర్మాగారమువారు కొట్టిన సంఖ్యయు, ఇంజనుమీది సంఖ్యయు నాటి దస్తరములతో సరిపోవుటయు, చేతులు మారిన వరుస తెగకుండుటయునే. పరీక్షకుని నేర్పు అద్భుతము! అంకెల వంపును, పోటు లోతును, చుట్టునున్న లోహముపై ఆకురాతి గీతలను చూచును. అరగదీసి మరల కొట్టిరని అనుమానము తోచినచో ఆమ్లము పూసి, అడగియున్న పాత అంకెలను మసకగానైనను పైకి రప్పించును. తలుపు అంచులవద్ద రంగుపొరలను విడివిడిగ చదువును.

భాగములు మారిన బండి ఆ బండియేనా? 1929, 1930 సంవత్సరములలో లె మాన్స్ పందెము గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ విషయమున ఈ తగవే 1990లో ఇంగ్లండు న్యాయస్థానమునకెక్కినది. తొలినాటి భాగములు దాదాపు మిగులలేదని కొనువారు వాదింపగా, పందెములలో క్రమముగ మారుచు వచ్చినను దాని చరిత్ర ఎచ్చటను తెగలేదు గనుక ఆ పేరు దానిదేయని న్యాయమూర్తి ఆటన్ తీర్పిచ్చిరి. నా పక్షమును అదియే.

మనకును ఒక రత్నమున్నది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు 1912 నాటిది. దేహము బార్కరువారి పని. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకొనియు, 1911లోనే గతించుటచే దానిని చూడలేకపోయెను. పందెపుకారు కాదు గదా యనువారు, ఆ జాతిబండి 1907లో దాదాపు 15,000 మైళ్ల పరీక్షలో నెగ్గినదని తెలిసికొందురు గాక.

ఇక నేటి దుర్గతి! జీపు చట్రముమీద ఫైబరు దేహమును బిగించి, ఇత్తడి లాంతర్లు తగిలించి, ‘వింటేజి’ యని పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చుచున్నారు. పెండ్లికొడుకు మురియుచున్నాడు, లోకము నమ్ముచున్నది. ఏబదియేండ్లు దాటి, చట్రమును, దేహమును, ఇంజనును మార్చక మూలరూపమున నిలిపిన బండ్లకే ‘వీఏ’ అక్షరములతో ప్రత్యేక సంఖ్యనీయవలెనని 2021లో కేంద్రము నిబంధన చేసినను, ఆ గౌరవమును కోరువారికంటె కొత్త రంగును కోరువారే అధికులు. రంగుకొఱకు అంకెలనే గీకివేసిన మహానుభావులు గలరు!

కావున సింగరేణి ప్రాంతపు ఇండ్లలో తాతలనాటి ఫియట్టో, విల్లీస్ జీపో దుమ్ముకొట్టుకొని యున్నచో, అయ్యా, ఆర్సీ పుస్తకమును, రిపేరు రసీదులను పారవేయకుడు. రంగు గీకుటకు మునుపు చట్రముమీది అంకెలకు ఫోటో తీయుడు. విప్పిన ప్రతి పాతభాగమునకు చీటికట్టి దాచుడు. బండిని ముట్టునట్టి టింకరు పేరును, చేసిన పనిని, తేదీతో ఒక పుస్తకమున వ్రాయించుడు.