సీరియల్ ఇంట్లో గది లేని వాళ్ళు

ధవళేశ్వరంలో మా అక్క ఇంట్లో టీవీ మాట్లాడదు. సాయంత్రం సీరియల్ మొదలవుతుంది, బొమ్మలు కదులుతుంటాయి, చప్పుడు మాత్రం ఉండదు. అక్క కూతురికి ఇరవై రెండేళ్ళు, ఆటిజం ఉంది. ఎవరో ఒక్క మాట అనగానే చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలన్నీ మూడేసిసార్లు చూపిస్తూ ఢాం ఢామ్మని మోగిస్తారే, ఆ మోత తను భరించలేదు. చిన్నప్పుడు చెవులు మూసుకుని వంటింట్లోకి పారిపోయేది. అలాగని సీరియల్ మానదు. ఇప్పుడు రిమోట్ తన చేతిలోనే ఉంటుంది.

వాళ్ళతో పాటు వారం రోజులు అలా మూగ సీరియళ్ళు చూశాక నాకో సంగతి తెలిసొచ్చింది. మాటలు తీసేస్తే సీరియల్లో మిగిలేది ఇల్లే. పెద్ద హాలు, మెట్లు, సోఫా, దేవుడి గది. సోఫాలో కూచునేదెవరు, దాని వెనక నిలబడేదెవరు, గుమ్మంలోనే ఆగిపోయేదెవరు, కథంతా ఇంతే. "ఈ మెట్లు ఎనిమిదింటి సీరియల్‌వి" అంటుంది మా పిల్ల. రెండు సీరియళ్ళూ ఒకే బంగళాలో తీశారని నాకు తట్టనే లేదు!

మరి ఆ ఇంట్లో మా పిల్లలాంటి వాళ్ళ గది ఎక్కడ? నేను చూసినంతలో మన తెలుగు సీరియళ్ళలో ఆటిజం అన్న మాటే వినిపించదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం పేరులోనే ఉంది ఆ మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనూ ఉంది. సీరియల్ రచయితకి మాత్రం ఇంకా 'పసిమనసు', 'దేవుడి బిడ్డ' చాలు. ఈ పసిమనసుకి పూర్వీకుడు 1986 నాటి 'స్వాతిముత్యం' శివయ్య. టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, వచ్చినప్పుడల్లా మనం ఏడుస్తూనే ఉన్నాం. శివయ్యకి ఏ పేరూ పెట్టలేదు, పెట్టక్కర్లేదు కూడా. కానీ అతనికి భార్య దొరికింది, సంసారం దొరికింది. అదే శివయ్య ఆడపిల్లయి ఉంటే? కథ అమ్మ దగ్గరే ఆగిపోయేది. అమ్మ ఓర్పు, అమ్మ ఉపవాసాలు, అమ్మ కన్నీళ్ళు.

హిందీలో 2009లో జీ టీవీ 'ఆప్‌కీ అంతరా' తీసింది. ఆటిజం ఉన్న చిన్నపిల్లే అందులో కేంద్రం, జబ్బుని పేరు పెట్టి చెప్పింది కూడా. (జబ్బు అనేశాను చూశారా! ఇన్నేళ్ళ తర్వాత కూడా నోరు అలాగే తిరుగుతోంది.) ఆ సీరియల్‌ని నేను తక్కువ చెయ్యను. కాకపోతే అంతరా తండ్రి ఇంటికి, అతని భార్య ఎదుటికి వస్తుంది. ఆ ఇల్లాలు పిల్లని దగ్గరికి తీసుకుంటుందా లేదా అన్నదే మన గుండెల్ని పట్టి ఉంచుతుంది. అంటే పరీక్ష రాస్తున్నది ఇల్లాలు, పిల్ల ప్రశ్నపత్రం. స్త్రీ మంచితనాన్ని కొలవడానికి ఇంకో మనిషిని గజంబద్దలా వాడుకోవడం మన పితృస్వామ్యానికి కొత్తేమీ కాదు. ఇందులో నష్టం ఇద్దరికీ. చుట్టుపక్కల వాళ్ళు మా అక్కని "నీ ఓర్పుకి దణ్ణం పెట్టాలమ్మా" అంటారు. అక్క అడిగేది వేరు. "నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారే?" ఆ ప్రశ్న ఏ సీరియల్లోనూ నాకు వినపడలేదు.

ఇక గుమ్మం దగ్గర ఆగిపోయే వాళ్ళు. అక్క వాళ్ళ వీధికి పెళ్ళిళ్ళప్పుడూ, బాలింతలున్నప్పుడూ ఒకామె వస్తుంది. ట్రాన్స్‌జెండర్ స్త్రీ. 2019లో ఒక సాయంత్రం గడప దగ్గర నిలబడి 'కార్తీకదీపం' చూస్తూ వంటలక్క కష్టాలకి మాతో పాటు ఉసూరుమంది. తర్వాత తనే అంది: "మమ్మల్ని చూపిస్తే చప్పట్లు కొట్టించి, దీవెన పెట్టించి పంపించేస్తారమ్మా. మేం ఇంటికెళ్ళి అన్నం వండుకోడం చూపిస్తారేమోనని చూస్తా." అక్క మంచినీళ్ళిచ్చింది, డబ్బులిచ్చింది. లోపలికి రమ్మనలేదు. నేనూ అనలేదు.

హిందీలో 'శక్తి' (2016–2021) కిన్నర్ అయిన సౌమ్యని ఏకంగా కోడల్నే చేసింది. ఆ పాత్ర వేసింది రుబీనా దిలైక్, ట్రాన్స్‌జెండర్ కాదు. అయినా గడప దాటించినందుకు మెచ్చుకోవాలి. మన దగ్గర ఆ పని చేసింది సీరియల్ కాదు, బిగ్ బాస్! 2019లో తమన్నా సింహాద్రి, 2021లో ప్రియాంకా సింగ్ ఆ ఇంట్లో మంచాల మీద పడుకున్నారు, వంటింట్లో పోట్లాడారు. ప్రియాంక అంతకు ముందు జబర్దస్త్‌లో ఆడవేషాలు వేసింది. వేషానికి నవ్విన జనమే మనిషిని చూడాల్సి వచ్చింది. ఆ షో వ్యాపారం సంగతి నాకు తెలియక కాదు. కానీ కోడళ్ళ ఓర్పు మీద ఏళ్ళ తరబడి నడిచే సీరియళ్ళు చెయ్యలేని పని అది చేసింది.

కథలు లేకనా? రేవతి ఆత్మకథని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. అమ్మ, అన్నదమ్ముల దెబ్బలు, ఇంటి మీద హక్కు, ప్రేమ, పెళ్ళి, గురువులతో తగవులు. సీరియల్‌కి కావాల్సిన సరుకు ఇంతకంటే ఏముంటుంది?

బ్రిటన్‌లో 'కోరొనేషన్ స్ట్రీట్' అని దశాబ్దాలుగా నడుస్తున్న సీరియల్ ఉంది. 1998లో అందులోకి హేలీ అనే ట్రాన్స్‌జెండర్ స్త్రీ వచ్చింది. ఆ పాత్రా ట్రాన్స్‌జెండర్ కాని నటే వేసింది, ఆ విమర్శ అక్కడా ఉంది. హేలీ చేసుకున్న రాయ్‌ని చాలామంది ప్రేక్షకులు ఆటిజం ఉన్న మనిషిగా పోల్చుకున్నారు. రైళ్ళంటే పిచ్చి, పద్ధతి తప్పితే కంగారు. 2014లో ఆమె పాత్ర చనిపోయేదాకా వాళ్ళిద్దరూ ఎవరి ఓర్పుకీ పరీక్ష కాలేదు. ఆమె ఫ్యాక్టరీలో పని చేసింది, అతను చిన్న కాఫీ హోటల్ నడిపాడు.

ఇదంతా అక్కకి చెప్పాను. మన సీరియల్లో అలాంటి జంట ఆనకట్ట రోడ్డు మీద ఇడ్లీ కొట్టు పెట్టుకుంటే ఎలా ఉంటుందే అన్నాను. పిల్ల రిమోట్ పట్టుకుని మెట్లు చూస్తోంది. అక్క కాసేపు ఆలోచించి అడిగింది:

"బాగానే ఉంటుంది గానీ, వాళ్ళకి కొట్టు అద్దెకిచ్చేదెవరే?"