ముత్యాలముగ్గు కాంట్రాక్టరు

1975లో వచ్చిన ‘ముత్యాలముగ్గు’ కథకు మూలం ఉత్తర రామాయణం. అనుమానానికి బలై భర్తకు దూరమైన ఇల్లాలు, అమ్మానాన్నలను మళ్లీ కలిపే పిల్లలు అందులో ఉన్నారు. అయినా సినిమా పేరెత్తగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ కాపురం కూల్చడానికి బేరం కుదుర్చుకున్న కాంట్రాక్టరే. ముళ్లపూడి వెంకటరమణ రాయగా, బాపు తీయగా, రావు గోపాలరావు ఆ పాత్రకు ప్రాణం పోశారు.

అంతకుముందు తెలుగు తెర మీద దుర్మార్గుడు ఎక్కువగా గర్జించేవాడు, పళ్లు కొరికేవాడు. కాంట్రాక్టరు గొంతే పెంచడు. గోదావరి యాసలో, తాపీగా, పక్కనున్న సెక్రటరీకి లోకం తీరు బోధిస్తున్నట్టు మాట్లాడతాడు. చంపడమనే మాటకు బదులు కారు డిక్కీలో పడుకోబెట్టడమంటాడు. సూర్యోదయం చూసి పరవశించిపోతాడు గానీ, ఆ ఎరుపులో అతనికి కనబడేది హత్యే. కళాభిరుచినీ కర్కశత్వాన్నీ ఒకే వాక్యంలో ఇమడ్చడం రమణ పనితనం. వెంట తిరిగే భజంత్రీలు మరో చమత్కారం. డబ్బిచ్చి పొగిడించుకునే పెద్దమనుషులకు అంతకన్నా చురక ఏముంటుంది?

కాకినాడ ప్రాంతంలో పుట్టి, నాటకాల్లో రాటుదేలిన గోపాలరావుకు విరుపు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆగాలో బాగా తెలుసు. నవ్వు సగం ఆ విరామాల్లోనే పుడుతుంది. సంభాషణలు గ్రామఫోన్ రికార్డులుగా వచ్చినప్పుడు జనం బొమ్మ లేకుండానే విని ఆనందించారు.

చావుతో నవ్వించే ఈ తరహా నల్లహాస్యానికి ప్రపంచ సినిమాలో పేరుమోసిన ఉదాహరణ చార్లీ చాప్లిన్ ‘మస్యో వెర్డూ’ (1947). ఉద్యోగం పోయిన బ్యాంకు గుమాస్తా డబ్బున్న ఆడవాళ్లను పెళ్లాడి చంపుతుంటాడు. పెరట్లో గొంగళిపురుగును తొక్కకుండా తీసి పక్కన పెడతాడు. వెనక కొలిమిలోంచి మాత్రం పొగ లేస్తూ ఉంటుంది. అక్కడ నవ్వు దృశ్యంలో ఉంది, మాటతో పనిలేదు. పైగా హంతకుడే కథానాయకుడు. అమెరికాలో ప్రేక్షకులు దాన్ని ఆదరించలేదు. బాపు రమణలు అంత దూరం వెళ్లలేదు. కాంట్రాక్టరు ఎంత నవ్వించినా ప్రేక్షకుడి సానుభూతి ఇల్లాలి మీదే. నేరాన్ని తప్పుపడుతూనే నేరస్తుడి మాటకు చప్పట్లు కొట్టే ఆ సౌలభ్యమే సినిమా విజయానికి ఒక కారణం. 

తెలుగులో నల్లహాస్యం మాటలోంచి సంఘటనలోకి జరిగింది రామ్‌గోపాల్ వర్మ ‘క్షణక్షణం’ (1991)తో. అందులో ముఠా నాయకుడు నాయర్‌గా పరేశ్ రావల్ తుపాకీ పట్టుకునే నవ్విస్తాడు. అతని ముఠా తరుముతుండగా అడవిలో చిక్కుకున్న జంట మధ్య వచ్చేది భయం పాట కాదు, జోలపాట. రాసింది అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రి. చావు వెన్నంటి వస్తుంటే ఎదిగిన అమ్మాయిని పసిపాపలా నిద్రపుచ్చడంలోని చిలిపితనం మాత్రం ముత్యాలముగ్గు వారసత్వమే.